ఎనిమిదో వరసలో పసిపిల్లలు

రోజు 311

ఈ పని పుస్తకంలో చేసిన పని మాత్రమే రాయాలట, సొంత అభిప్రాయాలు రాయకూడదట. ఆ నిబంధన పెట్టినవాళ్లెవరూ వడ్డన యంత్రంతో పద్దెనిమిదేళ్లు వేగలేదు. కాబట్టి నేను రెండూ రాస్తాను. నా పేరు గుబ్బల హైమావతి. మంచులంకలో జాబితాల మరమ్మతు నా పని. ఎవరు ఉన్నారు, ఎవరికి ఎంత అన్నం, ఎంత గాలి, ఎన్ని దుప్పట్లు అన్నది ఒకే జాబితాలో ఉంటుంది. అది చెడితే అందరూ నా తలుపే కొడతారు.

ఇవాళ వడ్డన యంత్రం మళ్లీ మొరాయించింది. కారణం పాతదే. దానికి వరసకి పదహారు మంది కావాలి, పదిహేను మంది కూర్చుంటే కదలదు. అసలది ఏదో కర్మాగారంలో పెట్టెకి పదహారు సబ్బుల చొప్పున సర్దడానికి పుట్టింది. శని చుట్టూ తిరిగే ఈ మంచు చందమామ మీదకి మా తాతలు వచ్చినప్పుడు, ఓడలో చోటుకి సరిపోయేది ఇదొక్కటేనని దీన్ని తెచ్చి, భోజనాల వడ్డన నేర్పారు. నేర్పడం బాగానే నేర్పారు. సబ్బుల అలవాటు మాత్రం మాన్పించలేకపోయారు.

మేం నూట పదిహేడు మందిమి. ఏడు వరసలు నిండగా ఎనిమిదో వరసకి ఐదుగురు మిగులుతారు. మిగతా పదకొండు చోట్లలో ఏదో ఒకటి ఉన్నట్టు యంత్రానికి చెప్పాలి. దాన్ని నింపు అంటాం. వరస నింపాలి, వడ్డించాలి, వడ్డన అయ్యాక నింపినదాన్ని కత్తిరించాలి. పాత ప్రోగ్రాం ఆ పదకొండు చోట్లా సున్నాలు పెట్టేది. నెల రోజులుగా యంత్రం సున్నాలకి కూడా పప్పుచారు పోస్తోంది. ఆకు లేని చోట పోస్తే ఏమవుతుందో వేరే రాయనక్కర్లేదు.

కిందటి ఓడలో నింపు పనికి కొత్త లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట, వచ్చింది. సబ్బులైనా, మేకులైనా, మనుషులైనా ఏ రకం వరసనైనా ఇది నింపుతుందట, రకం ఏమిటో మనం చెప్తే చాలట. రకం అన్న గడిలో 'మనిషి' అని రాశాను. కూర్చునేది మనుషులే కదా. దాని కింద 'నింపే విలువ' అని ఇంకో గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే ఆ రకానికి తగినదాన్ని లైబ్రరీయే తయారుచేసుకుంటుందట. అప్పటికి ఒంటిగంటన్నర అయింది, కడుపు కాలిపోతోంది. ఖాళీగా వదిలేశాను.

రోజు 312

పొద్దున్నే మాణిక్యం పిన్ని తలుపు బాదింది. దొమ్మేటి మాణిక్యం వంటశాల పెద్ద. బంధుత్వం ఏమీ లేదు, అరవై దాటిన ఆడమనిషిని ఇక్కడ అందరూ పిన్ని అనే పిలుస్తారు.

"ఒసే హైమా, నీ మిషనుకి పిచ్చెక్కిందే. ఎనిమిదో వరసలో ఖాళీ పీటల ముందు ఉగ్గు గిన్నెలెట్టింది. పదకొండు. పక్కన పొత్తిగుడ్డలు కూడా మడతెట్టి ఎట్టింది!"

వెళ్లి చూస్తే నిజమే. నెయ్యి వేసిన ఉగ్గు ఆవిర్లు కక్కుతోంది. విషయం అర్థం కావడానికి నిమిషం పట్టింది. లైబ్రరీని మనిషితో నింపమన్నాను, ఎలాంటి మనిషో చెప్పలేదు. అందుకని అది అన్ని గడులూ ఖాళీగా ఉన్న మనిషిని తయారుచేసుకుంది. పేరు లేదు, వయసు సున్నా. వయసు సున్నా అయిన మనిషి ఎవరు? ఈ నిమిషాన పుట్టిన బిడ్డ. వడ్డన యంత్రం తన ధర్మం తను నిర్వర్తించింది.

అక్కడితో ఆగలేదు. బంతిలో అందరూ తినడం అయ్యేదాకా మజ్జిగ రాకూడదని, మజ్జిగ తాగేదాకా ఎవరూ లేవకూడదని మా తాతలు దీనికి నూరిపోశారు. పదకొండు మంది పసివాళ్లు ఉగ్గు ముట్టుకోలేదు. మజ్జిగ రాలేదు. నూట పదిహేడు మందిమి చేతులు ఎండబెట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాం. చివరికి ఎనిమిదో వరసలో ఉన్న పెద్దాయన, కముజు వీరభద్రం గారు, మంచులంకకి పెద్ద, తన పక్కనున్న గిన్నె లాక్కుని తినేశారు. ఆయన తిన్నాక మిగతా నలుగురూ తలో రెండు మూడు లాగించారు. మజ్జిగ వచ్చింది.

"రేపటికల్లా సరిచేసేస్తానండి" అన్నాను.

"తొందరేం లేదండి" అన్నారు వీరభద్రం గారు మూతి తుడుచుకుంటూ. "నెయ్యి బానే ఏసింది."

రోజు 313

మధ్యాహ్నం మందుల చెయ్యి వచ్చింది. అప్పుడే పుట్టిన పిల్లలకి నోట్లో టీకా చుక్కలు వేసే యంత్రపు చెయ్యి. ఎనిమిదో వరస వెంట జరుగుతూ ఒక్కో పీట దగ్గరా ఆగి గాల్లో చుక్కలు వేసుకుంటూ పోయింది. వీరభద్రం గారు మరో ఉగ్గు గిన్నె కోసం పక్క పీట మీదకి జరిగి ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఆవలించారు. ఆయన చేసిన నేరం అదొక్కటే.

డెబ్బై రెండేళ్ల వయసులో ఆయనకి చుక్కల కార్డు వచ్చింది. రెండో విడత నెల తరవాతట.

సరిచేద్దామని సాయంత్రం యంత్రం దగ్గరికి వెళ్లాను. అప్పటికే అక్కడ పదిమంది గుమిగూడి తెర మీద ఏదో చదువుతున్నారు. యంత్రం నోటీసు పెట్టింది: 'ఎనిమిదో వరసలో పేరు లేని శిశువులు పదకొండు మంది. పుట్టిన పదకొండో రోజున పేరు, సంరక్షకుల పేరు నమోదు చేయవలెను. బారసాల కోటా, శిశువుకి కిలో బెల్లం, అరకిలో నెయ్యి.'

మంచులంకలో ఆఖరి బారసాల అయ్యి నాలుగేళ్లయింది. అంటే బెల్లం రుచి చూసి నాలుగేళ్లయింది. గోదాంలో ఉంది, కానీ బారసాలకో పెళ్లికో తప్ప యంత్రం గోదాం తలుపు తియ్యదు.

"లేని పిల్లలకి బారసాలంటే తప్పు కదేటండి?" అన్నారు వీరభద్రం గారు. ఒక్క క్షణం ఆగి మాణిక్యం పిన్ని వైపు తిరిగారు. "పదకొండు కిలోలకి బూర్లు ఎన్నొత్తాయంటారు?"

"మనిషికి పదిహేను ఖాయం" అంది పిన్ని.

నేను సరిచెయ్యలేదు. ఈ ముక్క నిజాయితీగా రాస్తున్నాను, నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నాకూ బూరెలంటే ప్రాణం.

రోజు 322

బారసాల దివ్యంగా జరిగింది. ఖాళీ ఉయ్యాల తెచ్చి మధ్యలో కట్టారు. ఆడవాళ్లు పాటలు పాడారు. పదకొండు పళ్లేల్లో బియ్యం పోసి, ఉంగరంతో పదకొండు పేర్లు రాశారు. వీరభద్రం గారు తన వంతు బిడ్డకి చిన వీరభద్రం అని పెట్టుకున్నారు. మాణిక్యం పిన్ని బుల్లబ్బాయి అని పెట్టింది. ఇంకొకాయన వరహాలరాజు అని రాశాడు, గనిలో పనిచేసే ఇద్దరు అన్నదమ్ములు ఒకే పేరు కోసం కొట్టుకుని, చివరికి చెరో బిడ్డకీ అదే పెట్టుకున్నారు.

నేనూ ఒక పేరు రాశాను. గోదారి. మా వాళ్లందరూ ఆ నది లంకల్లోంచి వచ్చారు, అందుకే దీనికీ మంచులంక అని పేరు పెట్టుకున్నారు. నేను ఇక్కడే పుట్టాను, దాన్ని చూసింది లేదు. కూతురు పుడితే ఆ పేరు పెట్టాలనుకునేదాన్ని. పుట్టలేదు. సరే, అదంతా పని పుస్తకంలో రాసేది కాదు. బూరెలు పద్దెనిమిది తిన్నాను.

రోజు 323

ఒక చిక్కు వచ్చింది. దీన్ని జాగ్రత్తగా రాస్తాను.

వడ్డన అయ్యాక నింపినవాటిని కత్తిరించాలి కదా. ఏది నింపినదో, ఏది అసలుదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? తను పెట్టినదానికి అచ్చంగా సరిపోయినవాటిని తీసేస్తుంది, అంతే. పేరు లేదు, వయసు సున్నా అయితే అది నింపినది. ఇన్నాళ్లూ ఆ పిల్లలు ప్రతి పూటా పుట్టి ప్రతి పూటా పోతున్నారు. బారసాల నోటీసు రోజులు లెక్కపెట్టింది వరసని చూసి, పిల్లల్ని చూసి కాదు. నిన్న వాళ్లకి పేర్లు పెట్టేశాం. ఇక సరిపోలరు. నిన్న రాత్రి నుంచీ కత్తిరింపు వాళ్ల జోలికి పోవడం లేదు. జాబితాలో ఇప్పుడు నూట ఇరవై ఎనిమిది మంది. ఎనిమిది పదహార్లు, ఒక్క చోటు ఖాళీ లేకుండా.

ఎవరికీ చెప్పలేదు. నష్టం ఏముంది? ఉగ్గు వస్తోంది. పెద్దవాళ్లు తింటున్నారు. మాణిక్యం పిన్ని అయితే బుల్లబ్బాయి గిన్నె ఎవరినీ ముట్టుకోనివ్వదు. చల్లారబెట్టి, తనే తిని, గిన్నె కడిగి, పొత్తిగుడ్డ మడతపెట్టి వెళ్తుంది.

రోజు 340

నష్టం ఏముందో ఇవాళ తెలిసింది.

కుసుమ మంచు తవ్వే యంత్రం నడుపుతుంది. మాణిక్యం పిన్ని కోడలు. మూడు వారాల్లో కానుపు. ఇక్కడ పుట్టిన బిడ్డని ఆర్నెల్లదాకా ఉయ్యాల గదిలో ఉంచుతాం. బయట చలి పసివాళ్లు తట్టుకోలేరు. ఆ ఉయ్యాలకి గాలి, వెచ్చదనం జాబితాలో చోటు ఉంటేనే వస్తాయి. పొద్దున్న కుసుమ చోటు అడిగితే యంత్రం ఇచ్చిన జవాబు: 'చోటు లేదు. నూట ఇరవై ఎనిమిది గాలి గొట్టాలూ నిండినవి. పదహారు రోజుల్లో వచ్చు ఓడలో పెద్ద కేంద్రమునకు వెళ్లి ప్రసవించవలెను. తిరుగు ఓడ పధ్నాలుగు నెలలకు.'

మేమందరం ఆమెకి సీమంతం చేశాం, గాజులు తొడిగాం, పుట్టేది ఆడపిల్లేనని పందేలు కాశాం. పుట్టబోయేదానికి ఒక చోటు కావాలని ఒక్కళ్లకీ తట్టలేదు. అందరికంటే ముందు తట్టాల్సింది నాకు.

రోజు 341

భోజనశాలలో సమావేశం. పదకొండు మందిలో ఒక్కరిని తీసేస్తే చాలు. ఎవరిని అన్నదగ్గరే అంతా ఆగిపోయింది.

"వరహాలరాజుని తీసెయ్యండి" అన్నారు వీరభద్రం గారు. "చిన వీరభద్రం మాత్రం కుదరదండి. ఆడికి రెండో విడత చుక్కలు కూడా పడిపోయాయి."

"అయి పడింది మీ నోట్లోనండి!" అన్నాడు వరహాలరాజు సంరక్షకుడు.

గంటసేపు ఇదే వరస. నవ్వొచ్చేది, అక్కడే గోడకి ఆనుకుని కుసుమ నిలబడి ఉండకపోతే. చివరికి మాణిక్యం పిన్ని లేచింది.

"బుల్లబ్బాయిని తీసెయ్యండి. నా మనవరాలికి చోటు కావాలి. ఎలాగ తియ్యాలో చెప్పవే హైమా."

అందరూ నా వైపు చూశారు. పేరున్న మనిషిని జాబితాలోంచి తియ్యాలంటే కారణం చెప్పాలి అన్నాను. మరణం అని రాస్తే, పసిబిడ్డ చావు కాబట్టి విచారణ అయ్యేదాకా యంత్రం మంచులంక తలుపులు మూసేస్తుంది, ఓడని దిగనివ్వదు. బియ్యం ఆ ఓడలోనే వస్తోంది. వలస అంటే ఓడ ఎక్కిన బిడ్డని తూకం వేసి ఫొటో తీసి పంపాలి. బుల్లబ్బాయిని ఎలా తూస్తాం?

"ఇంకో దారి లేదా?" అన్నారు వీరభద్రం గారు.

లేదన్నాను.

ఉంది. ఆ ఫారంలో మూడో గడి ఉంది. 'పొరపాటు నమోదు.' దాని పక్కన పొరపాటు చేసినవాళ్ల పేరు రాయాలి. రాయగానే వాళ్ల దగ్గరున్న యంత్రం తాళంచెవి జప్తు అవుతుంది. తాళం లేకపోతే యంత్రం దగ్గరికి పోలేను. పద్దెనిమిదేళ్లుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఇది లేకపోతే ఈ మంచు ముద్ద మీద నేను ఎవరికీ అక్కర్లేని మనిషిని.

ఈ పుస్తకం ఎవరూ చదవరని తెలుసు. అయినా ఇది రాస్తుంటే ముఖం వేడెక్కింది.

రోజు 349

కుసుమ సామాను సర్దుకుంటోంది. పిన్ని ఊరగాయ జాడీలు కడుతోంది. ఓడ తూకం దాటిపోతుందని చెప్తే, బట్టలు తీసేసి జాడీలే పెట్టింది.

సాయంత్రం కుసుమ నా గదికి వచ్చింది. కూర్చోవడానికి కూడా ఆయాసపడుతోంది.

"హైమక్కా, మా ఆయన్ని చూసుకో. ఒక్కడే ఉంటే సరిగా తినడు. పిల్లని పధ్నాలుగు నెలలకి గానీ చూడలేడు కదా."

"నేను చూసుకుంటాలే" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"అందరూ అంటున్నారు, ఇంకోసారి అడుగు, ఏదో దారి ఉంటుందని. నేనే వద్దన్నాను. హైమక్క లేదన్నాదంటే లేదు. ఆ మిషను సంగతి నీకంటే ఎవరికి తెలుసు చెప్పు?"

తిట్టినా బాగుండేది. వెళ్తూ వెళ్తూ నా చెంబులో నీళ్లు తాగి, చెంబు కడిగి బోర్లించి పోయింది. సిగ్గేసింది. ఇంతకంటే పెద్ద మాట దొరకడం లేదు.

రోజు 350

మధ్యాహ్నం బంతి మధ్యలో, మజ్జిగకి ముందు, లేచి నిలబడ్డాను. మా దగ్గర బంతి మధ్యలో లేవడం అంటే పక్కవాడి ఆకులో ఉమ్మెయ్యడం కంటే తప్పు. నూట పదహారు మంది నోళ్లు ఆగిపోయాయి. యంత్రం చెయ్యి కూడా గరిటెతో గాల్లో ఆగిపోయింది.

"మూడో దారి ఉంది" అన్నాను. "పొరపాటు నమోదు. నింపే విలువ గడి ఖాళీగా వదిలేసింది నేను. పొరపాటు నాది. దాన్ని దాచిందీ నేనే."

మాణిక్యం పిన్ని, "తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు నా చేత జాడీలు కట్టించావే పాపిష్టిదానా!" అని కుడిచెయ్యి ఎత్తింది. చేతి నిండా పెరుగుపచ్చడి ఉంది కాబట్టి కొట్టలేదు.

అక్కడికక్కడే ఫారం తెరిచాను. నా పేరు రాశాను. పొరపాటు ఒక్కటే కాబట్టి దాంతో వచ్చిన పేర్లన్నీ పోవాలట, యంత్రం ఒక్కొక్క పేరూ చూపించి 'తొలగించాలా?' అని పదకొండుసార్లు అడిగింది. వీరభద్రం గారు తనవాడిది తనే నొక్కుతానని ముందుకొచ్చి, నొక్కి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. పిన్ని నొక్కింది. ఆఖరిది గోదారి. నేను నొక్కాను. లేని పిల్ల కోసం ఏడిస్తే నవ్వుతారని ఏడవలేదు. వచ్చి కూర్చున్నాను. అప్పటికి మజ్జిగ వచ్చింది.

నా తాళం వీరభద్రం గారి జేబులోకి వెళ్లింది. కుసుమకి చోటు వచ్చింది. ఓడ వచ్చి బియ్యం దింపి కుసుమ లేకుండానే వెళ్లిపోతుంది, జాడీలన్నీ విప్పాలి.

రోజు 360

పొద్దున్న ఆరింటికి కుసుమకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిదొందలు. ఉయ్యాల గదిలో పడుకోబెట్టారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. మాణిక్యం పిన్ని ముక్కు తనదే అంది. వీరభద్రం గారు ముక్కు ఎవరిదైనా గొంతు మాత్రం పిన్నిదే అన్నారు. మంచులంక జనాభా నూట పద్దెనిమిది. ఎనిమిది గంటలకి టిఫిన్లయ్యాయి.

ఎనిమిదిన్నరకి ఉయ్యాల దీపం ఆరిపోయింది.

పిన్ని కేకకి అందరం పరుగెత్తాం. గాలి గొట్టం మూసుకుపోయింది. కుసుమ బిడ్డని తీసి తన కోటు లోపల, గుండెలకి అదుముకుని ఉంది. బిడ్డ బాగానే ఉంది, ఏడుస్తోంది. కానీ వేళ్ల చివర్లు నీలంగా ఉన్నాయి. కోటులో గంటకంటే ఉంచలేం.

తెర మీద జాబితా చూశాను. నూట పదిహేడు. బిడ్డ లేదు. మళ్లీ నమోదు చేశారు, దీపం వెలిగింది. కానీ మధ్యాహ్నం ఏం జరగబోతోందో అక్కడ నాకొక్కదానికే తెలుసు.

"ప్రతి పూటా ఇదే చేస్తుంది" అన్నాను. "వడ్డన కాగానే కత్తిరిస్తుంది. పేరు లేదు, వయసు సున్నా. అదే కదా నేను దానికి నేర్పింది. ఖాళీకీ ఈ పిల్లకీ దానికి తేడా తెలీదు."

తాళం పోయాక లైబ్రరీని సరిచేసేవాళ్లు లేరు. పది చోట్లలో మళ్లీ పేరులేని పిల్లలు పుట్టి పోతున్నారు. ఉగ్గుదేముందిలే అనుకున్నాను. నాలుగేళ్ల తరవాత పుట్టిన మొదటి బిడ్డ వాళ్లలో పదకొండోది అవుతుందని ఆలోచించలేదు.

"అయితే ఎంతసేపండి, పేరెట్టేత్తే సరి" అన్నారు వీరభద్రం గారు.

మాణిక్యం పిన్ని ఆయన మీదకి వెళ్లినంత పని చేసింది. "మొదటి రోజే పేరా? లేని పిల్లలకి పదకొండు రోజులాగి, ఉయ్యాల కట్టి, బియ్యంలో రాసి పేర్లెట్టారే! ఉన్న పిల్లకి ఆగరా?"

"నువ్వు చెప్పమ్మా" అన్నాను కుసుమతో. "పేరు పెడితే ఈ పూటే తీరిపోతుంది."

కుసుమ ఉయ్యాల లోపలికి చూస్తూ చెప్పింది. "ఊరికే ఏదో ఒక పేరెట్టి, తరవాత మారుద్దామని కాదు కదక్కా. ఈ మిషనుకి భయపడి పెట్టను. నా కూతురు పేరు లేకుండా పదకొండు రోజులుంటే ఏం? మనిషి కాకుండా పోతుందా?"

వీరభద్రం గారు జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"జప్తు అంటే నా దగ్గర ఉండాలి కదండి" అన్నారు. "మీ చెయ్యి నా జేబనుకోండి."

రోజు 361

నిన్న మధ్యాహ్నం వడ్డనకి ముందే యంత్రాన్ని పూర్తిగా ఆపేశాను. ఆపినప్పుడు గొట్టాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, ఉయ్యాల దీపం వెలుగుతూనే ఉంది. కానీ నూట పదిహేడు మందికి చేత్తో వడ్డించాలి. మాలో ఎవరూ జీవితంలో ఒక్కసారి కూడా వడ్డించలేదు.

ఇక్కడ బరువు తక్కువ. పప్పుచారు గరిటె విసురుగా ఎత్తితే చారు గరిటెలో ఉండదు. వీరభద్రం గారు మొదటి వరస మొత్తానికి తలంటు పోశారు. అన్నం వడ్డించేవాళ్లకి ఎంత వెయ్యాలో తెలియక ప్రతి ఆకు దగ్గరా ఆగి, "ఇంకొంచెం ఎయ్యమంటారా?" అని అడిగారు. యంత్రం ఎప్పుడూ అలా అడగలేదు. ఏం చెప్పాలో తెలియక అందరూ ఊ అన్నారు. మూడు వరసలకే అన్నం అయిపోయింది. మళ్లీ వండాల్సి వచ్చింది. మాణిక్యం పిన్ని కొంగు నడుముకి దోపి తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో పట్టవు. కానీ ఎన్నడూ లేనిది, భోజనశాలలో ఒకటే నవ్వులు.

నేను యంత్రం కింద పడుకుని పనిచేశాను. చెయ్యాల్సింది చెప్పడానికి చిన్నదే. వరసలో ఉండేవి మనుషులు అని కదా రాశాను. అది తప్పు. వరసలో ఉండేవి చోట్లు. చోటులో మనిషైనా ఉండొచ్చు, ఖాళీ అయినా ఉండొచ్చు. ఖాళీ వేరే రకం. దానికి పేరు లేకపోవడం కాదు, పేరన్న గడే ఉండదు. వయసన్న గడే ఉండదు. ఇక కత్తిరించేటప్పుడు పేరుందా, వయసెంత అని చూడనక్కర్లేదు, ఏ రకం అని చూస్తే చాలు. ఆ రోజు ఆకలి ఓర్చుకుని ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే ఈ మాట తోచేది. ఇప్పుడు అన్నం, గాలి, దుప్పట్లు, చుక్కలు అన్నీ కలిపి నలభై ఒక్క చోట్ల మార్చాలి. కుసుమ మొగుడు భాస్కరం పూటపూటకీ అన్నం ముద్దలు చేసి యంత్రం కిందకి అందించాడు. నేను అతన్ని చూసుకోవాల్సింది, అతనే నన్ను చూసుకున్నాడు.

రోజు 362

మధ్యాహ్నం భోజనాలకి యంత్రాన్ని మళ్లీ నడిపించాను. అందరూ ఆకుల ముందు కూర్చుని తెర వైపే చూస్తున్నారు. పిన్ని మాత్రం కూర్చోలేదు. ఉయ్యాల గది గుమ్మంలో, దీపం కనిపించేలా నిలబడింది. లోపల కుసుమ కోటు విప్పి సిద్ధంగా పట్టుకుని ఉంది.

వరసలు నిండాయి. వడ్డన అయింది. ఎనిమిదో వరసలో ఖాళీ పీటల ముందు ఉగ్గు గిన్నెలు రాలేదు. ఐదుగురికి అన్నం, ఆరో చోటుకి ఉయ్యాల గదిలోకి ఒక్క ఉగ్గు గిన్నె, మిగతా పది చోట్ల ముందు నేల శుభ్రంగా ఉంది. మజ్జిగ వచ్చింది. ఎవరూ తాగలేదు.

కత్తిరింపు మొదలైంది. తెర మీద లైన్లు ఒకటొకటిగా పైకి జరిగాయి. చోటు పదహారు, ఖాళీ, తీసివేయడమైనది. పదిహేను, ఖాళీ. పధ్నాలుగు, ఖాళీ. వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. ఎనిమిది. ఏడు, ఖాళీ, తీసివేయడమైనది.

ఆరు దగ్గర ఆగింది. ఆగి, ఉంచింది.

దీపం వెలుగుతూనే ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు, బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది, పిన్ని గుమ్మంలోంచే ఆ చప్పట్ల మనిషి వంశాన్నంతా తిట్టింది. తరవాత కళ్లజోడు లేదని నా దగ్గరికి వచ్చి, ఆరో లైను చదవమంది.

"పేరు, లేదు" అని చదివాను. "వయసు, సున్నా. రకం, మనిషి."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"పేరెట్టకపోయినా మనిషేనంటుందా?" అంది.

"అంటోంది పిన్నీ" అన్నాను.